అయాను తాడనం: కారమ్స్ ఉపమానం ఎంతవరకు?

స్ఫటిక ఉపరితలానికి అయాన్లు వచ్చి తగిలినప్పుడు ఏమి జరుగుతుంది? ఈ ప్రశ్నకు కళాశాల తరగతులలోను, జనరంజక వ్యాసాలలోను సాధారణంగా వినిపించే సమాధానం ఒకటి ఉన్నది. పాశ్చాత్య గ్రంథాలలో దానిని బిలియర్డు బంతుల ఆటతో పోల్చి చెబుతారు. మన తరగతిలోకి వచ్చేసరికి అది కారమ్స్ ఆట అవుతుంది. స్ట్రైకరే అయాను, కాయిన్లే పరమాణువులు. స్ట్రైకరు తగిలితే కాయిన్లు చెదురుతవి. కొన్ని పాకెట్టులో పడి బల్ల విడిచి పోతవి. చెప్పడానికి సులభం, పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది. అందువల్లనే ఇంత వ్యాప్తి పొందినది.

ఈ వ్యాసంలో ఆ ఉపమానాన్ని పరీక్షించి చూడదలచినాను. అది పూర్తిగా తప్పు అనడం నా ఉద్దేశం కాదు. అది దేనిని లెక్కపెడుతుందో, దేనిని లెక్కలోకి రానీయదో విడదీసి చూడవలసి ఉన్నది. ఎందుకంటే స్ఫటికం మీద అయాన్లు చేసే పనిలో ముఖ్యమైన భాగం, అనగా ఉపరితలం మీద లోపాలను సృష్టించడం, ఈ ఆటలో ఆటగాడు లెక్కపెట్టని భాగంలోనే ఉన్నది.

విషయమేమిటి?

ఒక పరమాణువు నుండి ఒకటి రెండు ఎలక్ట్రాన్లు తొలగిపోతే మిగిలేది ధన అయాను. దానికి విద్యుదావేశం ఉన్నది గనుక విద్యుత్ క్షేత్రం సహాయంతో దాని వేగాన్ని పెంచవచ్చును. ఒక వోల్టు విభవ భేదం గుండా పోయిన ఎలక్ట్రాను సంపాదించుకొనే శక్తిని ఒక ఎలక్ట్రాన్ వోల్టు అంటాము. గది ఉష్ణోగ్రత వద్ద పరమాణువుల ఉష్ణ చలనపు శక్తి ఇందులో సుమారు నలభయ్యో వంతు మాత్రమే. రాగి ఉపరితలం నుండి ఒక పరమాణువును ఊడదీయడానికి సుమారు మూడున్నర ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. కేంద్రకాలను ఛేదించే యంత్రాలలో లక్షల, కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులతో పని ఉంటుంది. మనం ఇక్కడ మాట్లాడుకొనే అల్పశక్తి అయాన్లకు ఉండేది కొన్ని పదుల నుండి కొన్ని వేల ఎలక్ట్రాన్ వోల్టులు.

ఈపాటి శక్తి గల అయాన్లు లోతుకు పోజాలవు. 500 ఎలక్ట్రాన్ వోల్టుల ఆర్గాన్ అయాను సిలికాన్‌లో సుమారు రెండు నానోమీటర్ల లోతులోనే ఆగిపోతుంది. సిలికాన్ స్ఫటికపు యూనిట్ సెల్ భుజం 0.54 నానోమీటరు, అంటే నాలుగు సెల్లుల మందం కూడా దాటదన్నమాట. మొదటి తాకిడి నుండి పరమాణువుల త్రోపులాట ముగిసేవరకు పట్టే కాలం ఒక సెకనులో లక్షకోట్లవ వంతు ప్రాంతంలో ఉంటుంది. ఇంత పలుచని పొరలో, ఇంత తక్కువ కాలంలో జరిగేదానిని కంటితో చూడలేము గనుకనే ఉపమానంతో అవసరం వచ్చినది.

ఇది ప్రయోగశాల వింత మాత్రమే కాదు. లోహపు పలకను ఆర్గాన్ అయాన్లతో కొట్టి, ఊడివచ్చే పరమాణువులను గాజు మీద పలుచని పొరగా పట్టే పద్ధతిని స్పటరింగ్ అంటారు. తెలుగులో పరమాణువుల చిందుడు అనవచ్చును. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో ఈ పద్ధతితో పొరలు తయారుచేసి ఎన్నో పరిశోధనలు జరిపినారు. సిలికాన్ చిప్పుల తయారీలో సూక్ష్మమైన గాట్లు చెక్కడానికి, పరిశోధనకు పెట్టిన స్ఫటికపు ముఖాన్ని శుభ్రపరచడానికి కూడా అల్పశక్తి అయాన్లనే వాడుతారు. పాకాల, చంద్రగిరి ప్రాంతాల నుండి తిరుపతికి పోయి ఎం.ఎస్సీ. చదివే విద్యార్థికి ఈ విషయం ఎప్పుడో ఒకప్పుడు ఎదురు కాకతప్పదు. అప్పటికి అతని మనస్సులో ఏ చిత్రం నాటుకొని ఉన్నదనేదే మన ప్రశ్న.

ఉపమానం సంపాదించుకొన్న గౌరవం

ముందుగా కారమ్స్ పక్షాన చెప్పవలసినది చెప్పాలి. వాయు ఉత్సర్గ నాళాలలో ఋణ ధ్రువపు లోహం ఊడి నాళపు గోడలకు అంటుకోవడాన్ని 1852లో గ్రోవ్ గమనించినాడు. ఆ తరువాత చాలాకాలం దీని కారణం గురించి వాదం నడిచినది. అయాను తగిలినచోట అతి చిన్న ప్రదేశం భగ్గున వేడెక్కి, అక్కడి లోహం ఆవిరి అవుతున్నదని ఒక పక్షం. 1926లో ఫాన్ హిప్పెల్ ఈ భావాన్ని సిద్ధాంతంగా రూపొందించినాడు. ఆవిరితో సంబంధం లేదు, ఇది పరమాణువులు ఒకదానినొకటి కొట్టుకొనే అభిఘాతమేనని రెండవ పక్షం; దీనిని అంతకుముందే స్టార్క్ ప్రతిపాదించి ఉన్నాడు.

1950 తరువాతి దశకంలో వేనర్ ఏకస్ఫటిక లోహాలను అల్పశక్తి అయాన్లతో కొట్టి, ఊడివచ్చిన పరమాణువులను ఎదురుగా ఉంచిన పలక మీద పట్టినాడు. ఆవిరే అయితే పొర అంతటా సాఫీగా పరచుకోవాలి. కాని పలక మీద విడివిడి మచ్చలు ఏర్పడినవి. స్ఫటికంలో పరమాణువులు దగ్గరదగ్గరగా పేర్చబడి ఉన్న దిశలకు ఆ మచ్చలు సరిపోయినవి. దెబ్బ ఒక పరమాణువు నుండి ప్రక్క పరమాణువుకు అందుకొంటూ పోయి వెలికి వస్తున్నదని తేలినది. ఆవిరి పక్షం వెనుకబడినది. 1969లో సిగ్‌మండ్ ఈ అభిఘాతాల పరంపరను గణితబద్ధం చేసి, ఒక అయానుకు ఎన్ని పరమాణువులు ఊడుతవో చెప్పే సిద్ధాంతాన్ని ఇచ్చినాడు.

ఉన్నత పాఠశాల స్థాయిలో దీని లెక్క కూడా సులభమే. ఎదురెదురుగా జరిగిన స్థితిస్థాపక అభిఘాతంలో నిశ్చలంగా ఉన్న వస్తువుకు అందే గరిష్ఠ శక్తి భాగం తెలియాలంటే, రెండు ద్రవ్యరాశుల లబ్ధాన్ని నాలుగుతో హెచ్చించి, వాటి మొత్తపు వర్గంతో భాగించాలి. ఆర్గాన్ 40, రాగి 63.5 అని తీసుకొంటే ఇది 0.95 వస్తుంది. అంటే ఆర్గాన్ తన శక్తిలో నూటికి తొంభై అయిదు పాళ్ళ వరకు రాగికి ఇవ్వగలదు. హైడ్రోజన్ 1, ఆక్సిజన్ 16 అయితే 0.22 మాత్రమే. బరువైన స్ట్రైకరుకు, తేలికైన స్ట్రైకరుకు గల తేడా ఇదే. ఇంతవరకు కారమ్స్ బల్ల చక్కగా పనిచేస్తుంది.

పాకెట్టులో పడని కాయిన్లు

ఇక చిక్కు ఇక్కడ మొదలవుతుంది. కారమ్స్‌లో లెక్కకు వచ్చేది పాకెట్టులో పడిన కాయిన్ మాత్రమే. కదిలి బల్ల మీదనే మిగిలినవాటికి మార్కులు లేవు. ఈ అలవాటు ఉపమానంతోపాటు పాఠంలోకి కూడా వచ్చినది. ఒక అయానుకు ఎన్ని పరమాణువులు ఊడినవన్న సంఖ్యనే చెప్పి, విద్యార్థిచేత కంఠస్థం చేయించి, అధ్యాయం ముగిస్తాము.

ఒక్క లెక్క వేసి చూద్దాము. 500 ఎలక్ట్రాన్ వోల్టుల ఆర్గాన్ అయాను రాగి మీద పడినదనుకొందాము. ఒక రాగి పరమాణువు ఊడడానికి మూడున్నర కావాలి గదా. శక్తి అంతా ఆ పనికే ఖర్చయితే 140 పరమాణువులు ఊడాలి. ప్రయోగంలో ఊడేవి సుమారు రెండు! తక్కిన శక్తి ఏమయినది? చాలా భాగం చివరకు వేడిగా మారుతుంది. కొంత భాగం మాత్రం స్ఫటికం అమరికలో మార్పుగా నిలిచిపోతుంది. ఆ మార్పులే లోపాలు.

పరమాణువు తన స్థానం విడిచిపోతే అక్కడ ఖాళీస్థానం మిగులుతుంది. విడిచిన పరమాణువు లోపలి వరుసల నడుమ ఇరుక్కొనవచ్చును. లేదా పైకి వచ్చి, స్ఫటికాన్ని పూర్తిగా వదలక, ఉపరితలం మీద కూర్చొనవచ్చును. దీనిని ఉపరిస్థ పరమాణువు అందాము. ఖాళీస్థానమూ, ఉపరిస్థ పరమాణువూ జంటగా పుట్టుతవి. ఒకచోట గుంట, మరొకచోట గుట్ట. ఫ్రెంకెల్, షాట్కీ లోపాలు ఉష్ణ చలనం వల్ల స్ఫటికం లోపల సహజంగా ఏర్పడేవి. ఇవి బయటి నుండి బలవంతంగా వచ్చి, ముఖ్యంగా ఉపరితలంలో ఏర్పడేవి. ఈ రెంటికి గల భేదాన్ని విద్యార్థికి స్పష్టంగా చెప్పాలి.

1990 తరువాతి సంవత్సరాలలో స్కానింగ్ టనలింగ్ సూక్ష్మదర్శినితో మైకెలీ, కోమ్సా జర్మనీలో ప్లాటినం స్ఫటికపు ముఖాన్ని పరిశీలించినారు. అయాన్లు తగిలిన తరువాత ఆ ముఖం మీద ఒక పరమాణువు లోతుగల గుంటలు, ఒక పరమాణువు ఎత్తుగల దిబ్బలు ప్రత్యక్షంగా కనబడినవి. స్ఫటికాన్ని వదలిపోయిన పరమాణువులకంటే పైకి వచ్చి ఉపరితలం మీదనే చేరినవి తక్కువేమీ కావని తేలినది. ఆటలో లెక్కకురాని కాయిన్లే ఇక్కడ సగం కథ.

మరొక సంగతి. ఒక పరమాణువునైనా ఊడగొట్టడానికి అయానుకు కొంత కనీస శక్తి ఉండాలి. దానికంటే తక్కువ శక్తి ఉంటే ఊడేవి సున్న. కారమ్స్ లెక్క ప్రకారం అటువంటి దెబ్బ హాని చేయనిది. వాస్తవానికి ఆ హద్దుకు దిగువన కూడా ఖాళీస్థానం, ఉపరిస్థ పరమాణువు జంటలు పుట్టగలవు. ఎందుకంటే పరమాణువును పూర్తిగా బయటికి పంపడానికి కావలసిన శక్తికన్నా దానిని ప్రక్కకు జరిపి ఉపరితలం మీద కూర్చోబెట్టడానికి చాలేది తక్కువ. తక్కువ వోల్టేజి పెట్టినాము గనుక నమూనా చెడలేదని నమ్మే విద్యార్థి తన ప్రయోగ ఫలితాన్ని తప్పుగా అర్థం చేసుకొంటాడు. ఉపమానంలోని లోటు ప్రయోగశాలలో నష్టంగా పరిణమించేది ఈ విధంగానే.

లోపలి పరమాణువు మాట వేరు. దాని నాలుగు వైపులా పొరుగు పరమాణువులు ఉన్నవి; నెమ్మదిగా దారి ఇవ్వడానికి వాటికి వ్యవధి లేదు. అందువల్ల లోహాలలో లోపలి పరమాణువును శాశ్వతంగా స్థానభ్రంశం చేయడానికి ఇరవై ముప్ఫై ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతపు శక్తి కావాలి. అంతకన్నా తక్కువ దెబ్బ తగిలితే అది ఊగి, మళ్ళీ తన చోటికే వస్తుంది. కారమ్స్ కాయిన్ ఎన్నడైనా తన చోటికి తానై తిరిగివచ్చినదా?

వరుసల సంగతి

కారమ్స్ బల్ల మీద ఆట మొదలయిన రెండు నిమిషాలకు కాయిన్లకు ఒక క్రమం ఉండదు. స్ఫటికానికి ప్రాణమే క్రమం. ఈ తేడాను ఉపమానం పూర్తిగా తుడిచివేస్తుంది.

ఇందుకు మన ప్రాంతంలో మరింత మంచి పోలిక ఉన్నది. దామలచెరువు పరిసరాలలోని మామిడితోటలలో చెట్లను వరుసలుగా నాటుతారు. తోట గట్టున నిలబడి వరుస వెంబడి చూస్తే చూపు అవతలి గట్టు వరకు పోతుంది. రెండడుగులు ప్రక్కకు జరిగి ఏటవాలుగా చూస్తే నాలుగు చెట్లకే చూపు ఆగిపోతుంది. తోట అదే, చెట్లు అవే. మారినది దిశ మాత్రమే. అయానుకు కూడా స్ఫటికం ఇట్లాగే ఉంటుంది. 1963లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో రాబిన్సన్, ఓయెన్ గణనయంత్రంతో అయాన్ల మార్గాలను లెక్కిస్తుండగా, కొన్ని అయాన్లు ఊహించినదానికన్నా ఎంతో లోతుకు పోతున్నట్లు కనబడినది. అవి పరమాణువుల వరుసల నడుమ సందులలో దూరి పోతున్నవని తరువాత స్పష్టమైనది. దీనిని చానెలింగ్ అంటారు.

దీనివల్ల ఉపరితల లోపాల సంఖ్య కూడా దిశను బట్టి మారుతుంది. సందులు తెరచుకొని ఉన్న దిశలో వచ్చిన అయాను పైపొరలలో తక్కువ శక్తిని వదలుతుంది. ఊడే పరమాణువుల సంఖ్యా తగ్గుతుంది. అదే స్ఫటికం, అదే అయాను, అదే వోల్టేజి అయినా ఫలితం వేరు. కాబట్టి ఏ లోహానికైనా ఒకే సంఖ్యను చెప్పి ఊరకుండడం సరికాదు. అది ఏ ముఖానికి, ఏ కోణానికి అని కూడా అడగాలి.

మానే గుణం

కారమ్స్ కాయిన్ ఆగినచోటనే ఉండిపోతుంది. స్ఫటికంలోని పరమాణువు అట్లా ఉండదు. నా దృష్టిలో ఈ ఉపమానపు లోటులన్నిటిలో ఇదే పెద్దది.

కంసాలి వెండి తీగ లాగడం చూచినవారికి ఈ సంగతి తెలుసు. లాగుతూ పోతే తీగ బిరుసెక్కుతుంది. అతడు మధ్యమధ్య తీగను ఎర్రగా కాల్చి మళ్ళీ లాగుతాడు. లాగినప్పుడు స్ఫటికాలలో లోపాలు పేరుకొంటవి. కాల్చినప్పుడు పరమాణువులు కదలి, చాలా లోపాలు సర్దుకొంటవి. అయాను తగిలిన ఉపరితలానికి కూడా ఇదే వర్తిస్తుంది. వేడి ఉంటే ఉపరిస్థ పరమాణువు తిరుగుతూపోయి ఏదో ఒక గుంటలో పడి దానిని పూడ్చివేస్తుంది. లేదా అటువంటి మరికొన్నిటితో కలిసి దిబ్బ కట్టుతుంది. ఖాళీస్థానాలు కూడా చేరువై పెద్ద గుంటలు అవుతవి. ప్లాటినం ముఖాన్ని వేడిగా ఉంచి తాడనం చేసినప్పుడు ఈ గుంటలు ఆరు భుజాల ఆకారంలో, స్ఫటికపు సౌష్ఠవాన్ని అనుసరించి కనబడినవి. యాదృచ్ఛికంగా పడిన దెబ్బల నుండి ఇంత చక్కని ఆకారం ఎట్లా వచ్చినది? దెబ్బ ఆకారాన్ని ఇవ్వలేదు. దెబ్బ తరువాత పరమాణువులు చేసుకొన్న సర్దుబాటు ఇచ్చినది.

ఈ గుణాన్ని ఆధారం చేసుకొనే 1950 తరువాతి దశకంలో ఫార్న్‌స్‌వర్త్, ఆయన సహచరులు స్ఫటికాలను శుభ్రపరచే పద్ధతిని ఏర్పరచినారు. ముందు ఆర్గాన్ అయాన్లతో కొట్టి మురికి పొరను తీసివేయడం. తరువాత శూన్యంలోనే వేడిచేసి దెబ్బలను మాన్పడం. మొదటిది ఒక్కటే చేస్తే ముఖం శుభ్రమవుతుంది గాని చెదిరి ఉంటుంది. ఉపరితల భౌతికశాస్త్ర ప్రయోగశాలలలో ఇప్పటికీ ఈ జంటపని నిత్యకృత్యం.

అయితే అన్ని పదార్థాలు ఒకే తీరుగా మానవు. రాగి వంటి లోహాలలో బంధాలకు ప్రత్యేక దిశ లేదు. పరమాణువులు సులభంగా సర్దుకొంటవి. గది ఉష్ణోగ్రత వద్ద ఎంత కొట్టినా రాగి స్ఫటికంగానే మిగులుతుంది. సిలికాన్‌లో ప్రతి పరమాణువు నాలుగు నిర్ణీత దిశలలో చేతులు చాపి పొరుగువారిని పట్టుకొని ఉంటుంది. ఆ పట్టు ఒకసారి తప్పితే మళ్ళీ కుదరడం కష్టం. దెబ్బలు చాలినన్ని పడితే పైపొర క్రమం పూర్తిగా కోల్పోయి, గాజు వలె అస్ఫటికం అవుతుంది. దానిని తిరిగి స్ఫటికంగా మార్చాలంటే 600 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతానికి వేడిచేయాలి. కారమ్స్ బల్ల మీద రాగి కాయిన్, సిలికాన్ కాయిన్ అనే తేడా బరువు ఒక్కటే. అసలు తేడా బంధంలో ఉన్నది. అది ఆటలో లేదు.

చంద్రుని మీద జరిగిన పరీక్ష

ఇంతవరకు చెప్పినదంతా ప్రయోగశాల మాట. ప్రకృతిలో ఈ తాడనం నిరంతరం జరిగే ప్రదేశం మనకు కంటి ఎదుటనే ఉన్నది. చంద్రునికి చెప్పుకోదగిన వాతావరణం లేదు, భూమికి వలె అయస్కాంత కవచమూ లేదు. సూర్యుని నుండి వచ్చే సౌరవాయువు నేరుగా అక్కడి మట్టి మీద పడుతుంది. అందులో నూటికి తొంభై అయిదు పాళ్ళు ప్రోటాన్లు, నాలుగు పాళ్ళు హీలియం అయాన్లు. వేగం సెకనుకు సుమారు 400 కిలోమీటర్లు. ప్రోటాను ద్రవ్యరాశితో లెక్కవేస్తే ఇది 835 ఎలక్ట్రాన్ వోల్టులు. అనగా మన అల్పశక్తి పరిధిలోనిదే. స్పటరింగ్‌లో పేరుపొందిన వేనర్ 1960 తరువాతి సంవత్సరాలలో ఈ ప్రశ్ననే చేపట్టి, చంద్రుని ఉపరితలం మీద అయాన్ల ప్రభావం ఎట్లా ఉంటుందో ప్రయోగశాలలో పరిశీలించినాడు.

2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుండి చంద్రయాన్-1 బయలుదేరినది. అప్పుడు శ్రీహరికోట నెల్లూరు జిల్లాలోనిది. 2022 పునర్వ్యవస్థీకరణలో పాకాలతోపాటు తిరుపతి జిల్లాలో చేరినది. ఆ నౌకలోని పరికరాలలో ఒకదాని పేరు సారా. స్వీడను, స్విట్జర్లండు, జపాను దేశాల సంస్థలతో కలిసి మన విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం దీనిని రూపొందించినది. సౌరవాయువు తగిలినప్పుడు చంద్రుని ఉపరితలం నుండి లేచివచ్చే తటస్థ పరమాణువులను లెక్కించడం దాని పని.

అంతకుముందు ఉన్న అభిప్రాయం ఏమిటంటే, చంద్రుని మట్టి బొరియలమయమైన పొడి గనుక ప్రోటాన్లను దాదాపు పూర్తిగా పీల్చివేస్తుందని, తిరిగి వచ్చేవి నూటికి ఒకటికన్నా తక్కువ ఉంటవని. 2009లో ప్రకటించిన సారా ఫలితం ప్రకారం పడిన ప్రోటాన్లలో నూటికి ఇరవై వరకు తటస్థ హైడ్రోజన్ పరమాణువులుగా తిరిగి అంతరిక్షంలోకి పోతున్నవి. ప్రోటాన్లుగానే తిరిగి వచ్చేవి నూటికి ఒకటికి లోపు అని జపాను వారి కగుయా నౌక అంతకుముందే చూపి ఉన్నది. అంటే తగిలే ముందో తగిలిన తరువాతనో అధిక భాగం ప్రోటాన్లు ఘనపదార్థం నుండి ఎలక్ట్రానును అందుకొని ఆవేశాన్ని కోల్పోతున్నవన్నమాట. బల్లకు, స్ట్రైకరుకు మధ్య ఇటువంటి ఇచ్చిపుచ్చుకోలు కారమ్స్‌లో లేదు.

తిరిగిరాని ప్రోటాన్ల సంగతేమిటి? అవి ఖనిజపు రేణువులలో చిక్కుకొంటవి. 2009లోనే చంద్రయాన్-1 మీది మరొక పరికరం చంద్రుని ఉపరితలం మీద హైడ్రాక్సిల్ జాడను కనిపెట్టినది. ఇట్లా చొచ్చిన హైడ్రోజన్ ఖనిజాలలోని ఆక్సిజన్‌తో కలవడం దానికి ఒక మూలమని పలువురు భావిస్తున్నారు. ఈ వివరణలో హైడ్రోజన్‌ను పట్టి నిలిపేవి తాడనం వల్ల ఏర్పడిన లోపాలే. తరువాత చంద్రయాన్-2 ఎక్స్-కిరణ పరికరం చంద్రుని మీద సోడియంను పటం వేసినప్పుడు, 2022లో ప్రకటించిన ఫలితంలో, రేణువుల ముఖాన తేలికగా అంటుకొని ఉన్న సోడియం పొర ప్రసక్తి వచ్చినది. స్ఫటికంలో భాగం కాక పైన కూర్చొన్న పరమాణువులు ఎంత ముఖ్యమో అది మళ్ళీ గుర్తుచేసినది.

అపోలో యాత్రికులు తెచ్చిన మట్టి రేణువుల చుట్టూ కొన్ని పదుల నానోమీటర్ల మందాన అస్ఫటిక పొర ఉన్నట్లు 1970 తరువాతి సంవత్సరాలలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చూపినది. సౌరవాయువు దెబ్బలే దీనికి కారణమని చెప్పినారు. 1990 తరువాత జరిగిన పరిశీలనలలో ఆ పొరలు అన్నీ ఒక తీరువి కావనీ, కొన్ని సూక్ష్మ ఉల్కల తాకిడికి లేచిన ఆవిరి పేరుకొన్నందువల్ల ఏర్పడినవనీ తేలినది. తాడన వాదం ఒకటీ, ఆవిరి వాదం ఒకటీ. ఆ పాత వివాదంలో ఓడిన ఆవిరికి ఇక్కడ వేరొక రూపంలో చోటు దొరికినది.

ప్రయోగశాలలోని కాలానికి, చంద్రుని మీది కాలానికి గల తేడా కూడా గమనించదగినది. ఉపరితలం మీద చదరపు సెంటీమీటరుకు పరమాణువులు సుమారు ఒకటి ప్రక్కన పదిహేను సున్నలు. చంద్రుని మీద సెకనుకు, చదరపు సెంటీమీటరుకు పడే అయాన్లు సుమారు ఇరవై కోట్లు. ఒక్కొక్క ఉపరితల పరమాణువుకు ఒక్కొక్క అయాను చొప్పున రావడానికి ఎడతెగని ఎండలో సుమారు రెండు నెలలు పడుతుంది. ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు ఒక మైక్రోఆంపియరు ప్రవాహం ఉంటే అదే మోతాదు మూడు నిమిషాలలోపు పూర్తి అవుతుంది. మోతాదు ఒకటే అయినా దెబ్బకు, దెబ్బకు మధ్య పరమాణువులకు దొరికే వ్యవధి వేలరెట్లు తేడా. మానే గుణాన్ని లెక్కలో పెట్టుకోకపోతే ప్రయోగశాల ఫలితాన్ని చంద్రునికి అన్వయించడంలో పొరపాటు తప్పదు.

లోపం అనే మాట

పారిభాషిక పదం గురించి ఒక మాట. లోపం అనగానే విద్యార్థికి తప్పు, చెడుగు అన్న భావం కలుగుతుంది. పదాన్ని మార్చవలసిన పనిలేదు, అది స్థిరపడినది. కాని దానిని చెడుగుకు పర్యాయపదంగా వాడకూడదు. 1999లో ఫాక్స్కో బృందం గాలియం ఆంటిమొనైడ్ ముఖాన్ని 420 ఎలక్ట్రాన్ వోల్టుల ఆర్గాన్ అయాన్లతో లంబంగా కొట్టగా, ఆ ముఖమంతా నానోమీటర్ల పరిమాణంలో క్రమమైన చుక్కలు తమంతట తామే లేచినవి. చెక్కే పనిముట్టు లేదు, అచ్చు లేదు. కొట్టి చెదరగొట్టడం, ఉపరితలం సర్దుకోవడం అనే రెండు పనుల పోటీలో నుండి ముగ్గు వంటి అమరిక వచ్చినది. దీనిని నష్టమని ఎవరనగలరు?

తరగతి గదిలో

కారమ్స్‌ను తరగతి నుండి బహిష్కరించమని నేను అనడంలేదు. ద్రవ్యవేగం, గతిజశక్తి బోధించడానికి అది చాలు. అయాను తాడనం దగ్గరకు వచ్చినప్పుడు దానిని సగంలో ఆపి, మరొక నమూనాను ప్రక్కన పెట్టాలి.

1947లో బ్రాగ్, నై ప్రచురించిన సబ్బు బుడగల నమూనా ఇందుకు తగినది. వెడల్పయిన పళ్ళెంలో సబ్బునీరు పోసి, కొద్దిగా గ్లిసరిన్ కలపాలి. చేపలతొట్టిలో వాడే చిన్న పంపుకు సన్నని సూదిని రబ్బరు గొట్టంతో తగిలించి, సూదిమొనను నీటిలో ముంచి ఒకే పరిమాణంగల చిన్న బుడగలను వదలాలి. అవి నీటిమీద తేలి, ఒకదానినొకటి ఆకర్షించి, ఆరేసి పొరుగులతో చక్కని వరుసలు కట్టుతవి. నడుమ ఒక బుడగను పొడిస్తే ఖాళీస్థానం కనబడుతుంది. పళ్ళేన్ని నెమ్మదిగా కదిలిస్తే బుడగలు సర్దుకొంటవి. కొన్ని ఖాళీలు పూడిపోతవి, కొన్ని మిగులుతవి. కారమ్స్ చూపలేని బంధం, క్రమం, మానడం ఈ మూడూ ఇందులో ఉన్నవి.

ఈ నమూనాకు కూడా హద్దు ఉన్నదని చెప్పడం మరువరాదు. పొడిచిన బుడగ మాయమవుతుంది. దెబ్బతిన్న పరమాణువు మాయం కాదు, ఎక్కడో ఒకచోట ఉంటుంది. అది ఎక్కడ ఉన్నదని విద్యార్థిచేత అడిగించగలిగితే పాఠం సరియైన దారిలో పడినట్లే.

ఈ అధ్యాయం మీద ప్రశ్నపత్రం తయారుచేసే ఉపాధ్యాయులకు నాలుగు ప్రశ్నలు సూచిస్తున్నాను. అయాను తగిలిన తరువాత ఎన్ని పరమాణువులు స్ఫటికాన్ని విడిచిపోయినవి? విడిచిపోకుండా కదిలినవి ఎక్కడ చేరినవి? అయాను వచ్చిన దిశను మారిస్తే ఈ సంఖ్యలు ఎందుకు మారుతవి? స్ఫటికాన్ని వేడిచేస్తే ఏవి పూడుతవి, ఏవి మిగులుతవి? ఇప్పుడు మనం అడుగుతున్నది మొదటి ప్రశ్న ఒక్కటే. తక్కిన మూడింటికి కూడా ఉత్తరం రాయగలిగిన విద్యార్థికి రేపు చంద్రయాన్ ఫలితాలు చదివినా, తిరుపతిలో స్పటరింగ్ యంత్రం ముందు నిలబడినా చూడవలసినది ఏమిటో తెలుస్తుంది.